భూమి కదిలినప్పుడు ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబర్ 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం దగ్గరి అడవి కింద, సుమారు 40 కిలోమీటర్ల లోతులో భూకంపం పుట్టింది. తీవ్రత 5.3. వరంగల్, ఖమ్మం, కొత్తగూడెం, కరీంనగర్‌తో పాటు హైదరాబాద్, విజయవాడలకూ, గోదావరి అవతల గడ్చిరోలి, చంద్రపూర్ దాకా కూడా ఆ కుదుపు తెలిసింది. ప్రాణనష్టం లేదు. మా వైపు ఒక తరం మొత్తానికి అదే మొదటి భూకంపం. అందుకే చాలా రోజుల పాటు ఎవరు కలిసినా అదే మాట. చాలామంది అడిగినవి సైన్సు ప్రశ్నలు కావు. “నాకు ఇట్లా అనిపించింది, అది భూకంపమేనా, నా భ్రమా?” అన్నదే అందరి సందేహం. ఈ జవాబులు ముఖ్యంగా వాళ్ల కోసం.

భూకంపం వచ్చిందని వెంటనే తెలిసిపోతుందా?

చాలామందికి తెలియదు. చిన్నా మధ్యరకం భూకంపాల్లో మనిషి మొదట అనుమానించేది తన ఒంటినే. బీపీ పడిపోయిందేమో, షుగర్ తగ్గిందేమో, రాత్రి నిద్ర సరిగా లేదు కదా అనుకుంటాడు. కుర్చీలో కూర్చున్నవాళ్లు వెనక నుంచి ఎవరో కదిపారనుకొని తిరిగి చూస్తారు. మంచం మీద ఉన్నవాళ్లు పిల్లలు మంచాన్ని తంతున్నారనుకొని పడుకున్నచోటి నుంచే కసురుతారు. ఆ తర్వాత అనుమానం బయటికి మళ్లుతుంది: వీధిలో లోడు లారీ పోతోందా, పై ఫ్లోర్‌లో బీరువా జరుపుతున్నారా, పక్క ప్లాటులో బోరు వేస్తున్నారా? అప్పటికి కుదుపు సగం అయిపోతుంది. ఇంట్లో ఇంకొకరి ముఖం చూసి, “నీకూ ఊగిందా?” అన్నాక గానీ భూకంపం అనే మాట నోట్లోంచి రాదు.

దీనికి కారణం ఉంది. మన శరీరం నిలకడను కొలుచుకునేది నేలతోనే. లోపలి చెవిలోని ద్రవం “కదులుతున్నావు” అని చెబుతుంది. కళ్లేమో “ఏమీ కదలడం లేదు” అంటాయి, ఎందుకంటే గది, గోడ, టీవీ, మనం అన్నీ కలిసే కదులుతున్నాం. రెండూ పొసగక తల తిరిగినట్టు, కొందరికి కడుపులో తిప్పినట్టు అవుతుంది. అందుకే అనుమానం వస్తే వేలాడే వస్తువులను చూడండి. ఆపేసి ఉన్న ఫ్యాన్ ఊగుతోందా, గోడ క్యాలెండర్ అటూ ఇటూ గీసుకుంటోందా, సీసాలో నీళ్లు కదులుతున్నాయా? మీకు కళ్లు తిరిగితే ఫ్యాన్ ఊగదు.

ఒకసారి కుదిపి, ఆగి, మళ్లీ గట్టిగా కుదిపింది. రెండు భూకంపాలు వచ్చాయా?

ఒక్కటే. భూకంపం నుంచి ప్రధానంగా రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. మొదటిది రాతిలో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నేలను ముందుకూ వెనక్కూ నొక్కుతూ వదులుతూ వస్తుంది కాబట్టి కింది నుంచి ఒక చిన్న తోపు తోసినట్టో, సన్నటి వణుకులాగానో తెలుస్తుంది. రెండోది సుమారు 3.5 కిలోమీటర్ల వేగంతో వెనకాల వస్తుంది. నేలను పక్కలకు ఊపేది, సామాన్లు పడేసేది అదే.

ఈ రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉంటుందన్నది దూరాన్ని బట్టి మారుతుంది. ములుగు భూకంపాన్నే తీసుకుంటే, మేడారంలో ఉన్నవాళ్లకు కేంద్రం సరిగ్గా కాళ్ల కిందే, 40 కిలోమీటర్ల లోతున ఉంది కాబట్టి తేడా నాలుగైదు సెకన్లు. హనుమకొండలో పది సెకన్లకు పైనే. హైదరాబాద్‌లో అర నిమిషానికి దగ్గర. కానీ అంత దూరం వచ్చేసరికి మొదటి తరంగం బాగా బలహీనపడుతుంది, దాన్ని గమనించినవాళ్లు తక్కువ. వాళ్లకు తెలిసింది రెండో ఊపు ఒక్కటే. కొన్ని సెకన్ల తేడాతో తోపు, తర్వాత ఊపు రెండూ మీకు విడివిడిగా తెలిశాయంటే, ఆ సెకన్లను 8తో గుణించండి. కేంద్రం మీకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో ఉజ్జాయింపుగా వస్తుంది. టీవీలో స్క్రోలింగ్ మొదలయ్యేలోపు ఈ లెక్క వేసేయొచ్చు.

ముందు శబ్దం వినిపించింది. భూకంపానికి శబ్దం ఉంటుందా?

ఉంటుంది, అన్నిసార్లూ కాదు. మొదటి తరంగం నేల మీదికి వచ్చి గాలిని కదిలిస్తే బరువైన ఉరుములాంటి ధ్వని పుడుతుంది. ఎటు నుంచి వచ్చిందో చెప్పలేం, కింద నుంచే వచ్చినట్టు ఉంటుంది. కేంద్రం ఎంత పైన ఉంటే శబ్దం అంత స్పష్టం.

2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున 5:36కు ఢిల్లీలో వచ్చింది చూడండి. తీవ్రత 4.0 మాత్రమే. కానీ కేంద్రం ధౌలా కువాన్ దగ్గర, అయిదు కిలోమీటర్ల లోతులోనే ఉంది. అక్కడ ఉంటున్న మనవాళ్లు చెప్పేదాంట్లో ఊపు కంటే ముందు శబ్దం వస్తుంది: పెద్ద ధబ్బు, ఆ వెంటనే కిటికీలన్నీ దడదడ. దానికంటే ఎంతో పెద్దదైన ములుగు భూకంపం మన దగ్గర చాలామందికి శబ్దం లేకుండానే వచ్చి పోయింది. గిన్నెలు గలగలమన్నాయి, తలుపు గడియలు టకటకలాడాయి, అంతే.

ఇంకా చిన్నవి శబ్దం రూపంలోనే తెలుస్తాయి. 2020 అక్టోబర్‌లో, వానలు పడ్డ రోజుల్లో హైదరాబాద్ బోరబండ జనాన్ని రాత్రిళ్లు రోడ్ల మీద కూర్చోబెట్టినవి అవే. ఏదో పేలినట్టు చప్పుడు, కాళ్ల కింద చిన్న అదురు. ఉప్పల్ దగ్గరున్న ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు వచ్చి పరికరాలు పెట్టి చూశారు. చాలా తక్కువ లోతులో పుట్టే సూక్ష్మ ప్రకంపనలని, వాన నీరు రాతి పగుళ్లలోకి దిగడంతో ఒత్తిడి మారి ఇలా జరుగుతుందని వివరించారు. వాటిని మామూలుగా మనిషి గమనించడు. కానీ నిశ్శబ్దమైన రాత్రి, గట్టి రాయి మీద కట్టిన ఇల్లు అయితే వినపడతాయి.

మాది సింగరేణి ఏరియా. ఓసీ (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) బ్లాస్టింగా, భూకంపమా ఎలా తెలుసుకోవాలి?

గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు వాళ్లకు ఈ ఇబ్బంది నిజంగానే ఉంది. రోజూ అదిరే ఊళ్లో భూకంపాన్ని ఎవరు పట్టించుకుంటారు? బ్లాస్టింగ్‌కు ఒక వేళ ఉంటుంది, ముందు సైరన్ ఉంటుంది. అదురు ఒక్కటే వస్తుంది, గాలి ఒత్తిడికి కిటికీ అద్దాలు ఠంగుమంటాయి, ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. భూకంపంలో అదురు తర్వాత ఊపు ఉంటుంది. ఆ ఊపు పక్కలకు ఉంటుంది, ఆగిపోతోందనుకున్నాక కూడా కాస్త సాగుతుంది. వేలాడేవి చాలాసేపు ఊగుతూనే ఉంటాయి. వేళ కాని వేళ, ఊపుతో వచ్చిందంటే బ్లాస్టింగ్ ఖాతాలో వేయకండి.

ఎంతసేపు ఉంటుంది? నాకైతే రెండు నిమిషాలు ఊగినట్టుంది.

మీరు అబద్ధం చెప్పడం లేదు గానీ, గడియారం ఒప్పుకోదు. డిసెంబర్ 4న చాలా చోట్ల తెలిసిన ఊపు కొన్ని సెకన్లే. భయంలో మెదడు ప్రతి చిన్న వివరాన్నీ దాచుకుంటుంది, తర్వాత తలుచుకుంటే ఆ వివరాలన్నీ కలిసి సమయం సాగినట్టు అనిపిస్తుంది. మేడారం గద్దెల దగ్గరి సీసీ కెమెరా వీడియో ఫోన్లలో తెగ తిరిగింది కదా, దాన్ని ఇప్పుడు మళ్లీ చూడండి. ఎంత త్వరగా అయిపోయిందో ఆశ్చర్యం వేస్తుంది.

పెద్ద భూకంపాల మాట వేరు. వాటిలో పగులు వందల కిలోమీటర్ల పొడవునా సాగాలి, దానికి సమయం పడుతుంది. 2015 నేపాల్ భూకంపంలో కాఠ్‌మాండూ దాదాపు 50 సెకన్లు బలంగా ఊగింది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర సముద్రం కింద పగులు సాగడానికే ఎనిమిది, పది నిమిషాలు పట్టింది.

5.3 అన్నారు. హైదరాబాద్‌లో కూడా 5.3 వచ్చినట్టేనా?

కాదు. ఈ ఒక్క విషయంలో వార్తా ఛానెళ్లు ప్రతిసారీ జనాన్ని తికమక పెడతాయి. “హైదరాబాద్‌లో 5.3 తీవ్రతతో భూకంపం” అని స్క్రోలింగ్ వేస్తే అర్థం మారిపోతుంది. గుడి మైకు ఎంత సౌండుతో పెట్టారన్నది ఒకటే అంకె, మీ ఇంటికి ఎంత వినపడిందన్నది ఇంటింటికీ మారుతుంది. 5.3 అన్నది మైకు దగ్గరి లెక్క, పుట్టినచోట విడుదలైన శక్తికి కొలత. అది భూకంపానికి ఒక్కటే ఉంటుంది. మీ ఊళ్లో ఎంత ఊగిందన్నదానికి వేరే కొలత ఉంది. ఆ లెక్కలో మేడారం ఒకటి, హనుమకొండ ఒకటి, కూకట్‌పల్లి మరొకటి.

ఇంకో మెలిక. ఈ స్కేలులో ఒక అంకె పెరిగితే నేల ఊగే మోతాదు 10 రెట్లు, విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 2001 భుజ్ భూకంపం 7.7. ములుగుది 5.3. తేడా రెండున్నర కూడా లేదనిపిస్తుంది, కానీ భుజ్‌లో విడుదలైన శక్తి సుమారు 4,000 రెట్లు. “మేం కూడా భూకంపం చూశాం” అనేవాళ్లు (నాతో సహా) ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

మా ఇంట్లో అందరం లేచి పరిగెత్తాం. పక్కింటివాళ్లు “ఏమీ తెలియలేదే!” అన్నారు. ఎలా?

వాళ్లు నడుస్తూ ఉన్నారేమో. నడిచేవాళ్లకు, బండి మీద ఉన్నవాళ్లకు, వంటింట్లో నిలబడి పోపు పెడుతున్నవాళ్లకు చిన్న ఊపు తెలియదు. కదలకుండా కూర్చున్నవాళ్లకు, పడుకున్నవాళ్లకు ముందు తెలుస్తుంది. కింది ఫ్లోర్ కంటే పై ఫ్లోర్‌కు ఎక్కువ తెలుస్తుంది.

నేల రకం కూడా ముఖ్యం. హైదరాబాద్ చాలావరకు గ్రానైటు మీద ఉంది. విజయవాడ, ఏలూరు వైపు డెల్టా మట్టి. మెత్తటి మట్టిలోకి వచ్చేసరికి తరంగం నెమ్మదించి, ఊపు పెద్దదవుతుంది. 1985లో మెక్సికో సిటీకి కేంద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, పాత చెరువు మట్టి మీద కట్టిన భాగం కుప్పకూలింది. మరి మేడారం అడవిలో పుట్టిన ఊపు నాగపూర్ వైపు దాకా ఎలా వెళ్లిందంటారా? దక్కన్ రాయి పాతది, గట్టిది. హిమాలయాల్లోని నలిగిన రాళ్లలా తరంగాన్ని మధ్యలోనే మింగేయదు. కాబట్టి మన దగ్గర మధ్యరకం భూకంపం కూడా చాలా దూరం తెలుస్తుంది.

పదో అంతస్తులో ఉంటాం. మాకే ఎక్కువ ఊగింది. బిల్డింగ్ బలహీనమా?

ఊగడం బలహీనతకు గుర్తు కాదు. ఎత్తయిన భవనం ఊగేలాగానే కడతారు, ఊగకపోతే విరుగుతుంది. దూరం నుంచి వచ్చే భూకంపంలో గబగబా వణికే తరంగాలు దారిలోనే చచ్చిపోతాయి, నెమ్మదిగా ఊపే పెద్ద తరంగాలు మిగులుతాయి. పొడవైన భవనం స్వభావానికి అవే సరిపోతాయి కాబట్టి దాన్ని పట్టి ఊపుతాయి. కింద వాచ్‌మన్‌కు ఏమీ తెలియదు, పైన మీకు షాండ్లియర్ ఊగుతుంది.

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 భూకంపం వస్తే, సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో మేడల మీది స్విమ్మింగ్ పూల్ నీళ్లు కింద రోడ్డు మీద పడ్డాయి. అక్కడ కడుతూ ఉన్న ఒక పెద్ద భవనం కూలిపోయింది కూడా. ఊగిన మిగతా ఆకాశహర్మ్యాలు మాత్రం నిలబడ్డాయి.

నాకు పదో అంతస్తు కంటే ఎక్కువ భయం వేసేది నాలుగైదు అంతస్తుల మామూలు అపార్ట్‌మెంట్లను చూస్తేనే. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఉత్త పిల్లర్లు, పైన మాత్రం బరువంతా. 2001లో అహ్మదాబాద్‌లో, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరంలో కూలినవాటిలో ఈ రకం చాలా ఉన్నాయి. మన ఊళ్లన్నీ ఇప్పుడు అవే. ఫ్లాటు కొనేటప్పుడు టైల్స్ ఏ కంపెనీ అని అడుగుతాం గానీ, స్ట్రక్చరల్ డ్రాయింగ్ భూకంపానికి లెక్కగట్టి చేశారా అని ఎవరం అడగం.

నిజంగా పెద్ద భూకంపం వస్తే ఎలా ఉంటుంది?

నిలబడలేరు. తేడా అంతా అక్కడే ఉంది. ములుగు లాంటిదాంట్లో “ఏంటది?” అనుకునే తీరిక ఉంటుంది. పెద్దదాంట్లో అనుమానానికి చోటే ఉండదు. నేల ఒక పక్కకు లాగేస్తుంది, కాలు సర్దుకునేలోపు ఇంకో పక్కకు లాగుతుంది. తలుపు దాకా నాలుగడుగులు వేయడం కష్టం. బీరువాలు నడుస్తాయి. కరెంటు పోతుంది. గోడలు, రేకులు, గాజు అన్నీ ఒకేసారి చేసే మోతలో పక్కనున్న మనిషి అరుపు వినపడదు. ధూళి లేస్తుంది, కొద్దిసేపు ఏమీ కనపడదు.

మనకు దగ్గరలో, మనలాంటి ఇళ్లలో జరిగింది మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున 3:56. ముందురోజు వినాయక నిమజ్జనం, జనం ఆలస్యంగా ఇంటికొచ్చి పడుకున్నారు. తీవ్రత 6.2. హైదరాబాద్‌లోనూ చాలామంది లేచి కూర్చున్నారు. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ ఊళ్ల ఇళ్లు మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలవి, పైన కట్టె దూలాల మీద అడుగుల మందాన మట్టి కప్పు. ఎండాకాలం చల్లగా ఉండే ఆ కప్పే నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. అంతకుముందు ఆ ప్రాంతాన్ని భూకంప భయం తక్కువగా ఉన్న చోటుగానే లెక్కవేసేవారు.

అదే నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు వచ్చింది 7.8. దాదాపు 9 వేల మంది చనిపోయారు. అది శనివారం, అక్కడ బడులకు సెలవు. వేల బడి గదులు దెబ్బతిన్న ఆ రోజు పిల్లలు వాటిలో లేరు. భూకంపం ఎంత పెద్దదన్నది సగం సంగతే. ఏ వేళ వచ్చింది, మీరు దేని కింద ఉన్నారు అన్నది మిగతా సగం.

మరి బయటికి పరిగెత్తాలా, లోపలే ఉండాలా?

అందరికీ ఒకే జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. ఇంటిని బట్టి ఉంటుంది.

కాంక్రీటు పిల్లర్ల అపార్ట్‌మెంట్‌లో, పై అంతస్తులో ఉంటే లోపలే ఉండండి. గట్టి బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోండి. బల్ల కదిలితే దానితో పాటే కదలాలి, లేకపోతే మీరు ఒకచోట, బల్ల ఒకచోట అవుతాయి. మన ఇళ్లలో అందరికీ డైనింగ్ టేబుల్ ఉండదు కాబట్టి, అది లేనివాళ్లు లోపలి గోడ పక్కన మోకాళ్ల మీద వంగి తల, మెడ చేతులతోనో దిండుతోనో కప్పుకోవాలి. షోకేసు, బీరువా, కిటికీ అద్దాలు, అటక మీది ఇత్తడి బిందెలు — వీటికి దూరంగా. మంచం మీద ఉంటే అక్కడే బోర్లా పడుకొని తల మీద దిండు పెట్టుకోండి. లిఫ్టు వద్దు. మెట్లూ వద్దు, ఊగుతున్నంతసేపు. ఊపులో మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి దెబ్బలు తగిలించుకునేవాళ్లు ప్రతి భూకంపంలోనూ ఉంటారు. డిసెంబర్ 4న పరుగెత్తిన చాలామంది మెట్ల దాకా వెళ్లేసరికి భూకంపం అయిపోయింది.

పాత మట్టి గోడల ఇల్లు, రాతి గోడల ఇల్లు, బరువైన పాత మిద్దె అయితే లెక్క మారుతుంది. కింది అంతస్తులో ఉండి, తలుపు రెండు మూడు అడుగుల్లో ఉండి, ముందు ఖాళీ వాకిలి ఉంటే మొదటి అదురుకే బయటపడటం మేలు. “నడువున్రి బయటికి!” అని బాపమ్మలు కేకేసేది ఆ ఇళ్ల అనుభవంతోనే. ఆ ఇళ్లకు అది సరైన మాటే.

కానీ వాకిలి ఖాళీగా ఉండాలి. వీధి ఇరుకైతే బయట ఇంకా ప్రమాదం. భుజ్ భూకంపం నాడు అంజార్‌లో గణతంత్ర దినం ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లలు ఇరుకు సందులో ఉన్నారు. రెండు పక్కల ఇళ్లూ వాళ్ల మీద కూలాయి. మన ఊళ్లలో ముందుగా పడేవి పిట్టగోడలు, వాటి మీద పెట్టిన పూల కుండీలు, హోర్డింగులు, ఇంటి మీది ప్లాస్టిక్ ట్యాంకులు. గుమ్మంలో నిలబడమని పాతకాలం సలహా ఒకటి ఉంది. ఇప్పటి ఇళ్లలో గుమ్మానికి ప్రత్యేకమైన బలమేమీ లేదు, పైగా తలుపు వచ్చి వేళ్ల మీద కొడుతుంది.

ఆగిన తర్వాత చెప్పులు వేసుకొని (గాజు పెంకులుంటాయి), గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, మెట్ల మీదుగా నిదానంగా దిగండి.

బాత్‌రూంలో ఉంటే?

నవ్వకండి, పొద్దున 7:27కు ఇది చాలామందికి ఎదురైన సమస్యే. గీజర్ కింద నుంచి, అద్దం ముందు నుంచి పక్కకు జరిగి, కింద కూర్చొని తల కాపాడుకోండి. తడి నేల మీద పరిగెత్తితే భూకంపం చేయని పని మీరే చేసుకుంటారు.

కుక్కలకు, పక్షులకు ముందే తెలుస్తుందా?

కొన్ని సెకన్ల ముందు, అవును. మనం గమనించలేని మొదటి తరంగాన్ని అవి పసిగడతాయి. కుక్క మొరిగిన కాసేపటికి ఇల్లు ఊగిందంటే వింతేమీ లేదు. రోజుల ముందే తెలుస్తుందనడానికి మాత్రం నమ్మదగిన ఆధారం లేదు. కుక్కలు మొరిగి భూకంపం రాని రాత్రులను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తాడ్వాయి అడవిలో చెట్లు కూలాయి, మూడు నెలలకు అక్కడే భూకంపం వచ్చింది. సంబంధం లేదా?

లేదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు పడిపోయింది పెనుగాలికి. అది మబ్బుల్లోంచి కిందికి వచ్చింది. భూకంపం 40 కిలోమీటర్ల లోతు నుంచి పైకి వచ్చింది. చోటు ఒకటే కావడంతో జనం రెండింటినీ ముడివేశారు. మేడారం అంటే వనదేవతల చోటు కాబట్టి ఆ ఊహ ఎంత సహజమో నాకు తెలుసు. గోదావరి లోయ మాత్రం భూమి పొరల్లో చాలా పాత కాలం నాటి పగుళ్లున్న ప్రాంతం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది కూడా ఈ లోయలోనే.

అయిపోయి వారమైనా ఇంకా ఊగుతున్నట్టే ఉంది. డాక్టర్‌కు చూపించుకోవాలా?

ఇది మామూలే. ఒకసారి నేల నమ్మకం తప్పాక, శరీరం ప్రతి చిన్న కదలికనూ తనిఖీ చేస్తుంది. పక్కన ఎవరైనా సోఫాలో కూర్చున్నా గుండె ఝల్లుమంటుంది. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినా ఫ్యాన్ వైపు చూస్తారు. పడుకున్నాక ఎక్కువ. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. మంచం పక్కన సగం నీళ్లున్న సీసా పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడు దాన్ని చూస్తే చాలు, నీళ్లు కదలకపోతే పడుకోవచ్చు. వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, మేడ ఎక్కడానికి కూడా భయం వేస్తుంటే డాక్టర్‌ను కలవండి, సిగ్గుపడాల్సింది లేదు.

పిల్లల సంగతి వేరు. వాళ్లు అడిగిందే పదిసార్లు అడుగుతారు. “ఏం లేదులే, ఊరుకో” అంటే ఊరుకోరు. మళ్లీ వస్తే ఏం చేయాలో ఆటలా రెండుసార్లు చేయించండి, బల్ల కింద దూరడం వాళ్లకు ఎలాగూ ఇష్టమే. రోజంతా టీవీలో అవే ఫ్యాన్లు ఊగే వీడియోలు చూపించకుండా ఉంటే ఇంకా మంచిది.

ఈ రాత్రి మళ్లీ వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది…

డిలీట్ చేయండి. ఫలానా రోజు, ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగలిగే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. పెద్ద భూకంపం తర్వాత అనుప్రకంపనలు వస్తాయన్నది మాత్రం నిజం. ఒక్కోసారి అవీ పెద్దవే ఉంటాయి. నేపాల్‌లో మొదటిది వచ్చిన పదిహేడు రోజులకు, మే 12న 7.3 వచ్చింది. బీటలు వారిన ఇంట్లోకి తొందరపడి వెళ్లొద్దనేది అందుకే.

కొన్నిచోట్ల చిన్నచిన్నవి గుంపుగా వస్తాయి. 2020 మొదట్లో పులిచింతల చుట్టుపక్కల, చింతలపాలెం, మేళ్లచెరువు ఊళ్లవాళ్లు నెలల తరబడి అదురుళ్లతో గడిపారు. వాటిలో పెద్దది జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక వచ్చింది. రోజూ అదిరే ఊళ్లో ఉండే టెన్షన్ వేరు. ఒక్కసారి వచ్చి పోయే పెద్ద కుదుపు కంటే అది మనిషిని ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది.

ఫోన్‌కు ముందే అలర్ట్ వస్తుందంటున్నారు, నిజమా?

జోస్యం కాదు, పరుగు పందెం. భూకంపం పుట్టాక, దగ్గరి ఫోన్లు మొదటి తరంగాన్ని పసిగట్టి సర్వర్‌కు చెబుతాయి. ఊపు మీ దాకా వచ్చేలోపు సందేశం వస్తుంది. గూగుల్ ఈ ఏర్పాటును మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకు 2023 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. ఫోన్ సెట్టింగుల్లో సేఫ్టీ విభాగంలో ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. కేంద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లకు ఉపయోగం తక్కువ. దూరంగా ఉన్నవాళ్లకు కొన్ని సెకన్లు దొరుకుతాయి. బల్ల కింద దూరడానికి అవి సరిపోతాయి, వీడియో తీయడానికి కాదు.

సముద్ర తీరంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2004లో విశాఖ, చెన్నై జనం పొద్దున ఆరున్నరకు మంచాలు ఊగడం గమనించారు. అలలు రెండు గంటలకు పైగా ఆగి వచ్చాయి. ఆంధ్ర తీరంలో వందకు పైగా మనుషులు పోయారు. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లోనే పనిచేస్తోంది. అయినా బీచ్‌లో ఉండగా ఊపు చాలాసేపు సాగితే, మెసేజ్ కోసం చూడకుండా లోపలికి, ఎత్తుకు నడవండి.

గోడకు బీట కనిపించింది. ఇల్లు పనికిరాదా?

సున్నం, ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి బీటలు చాలా ఇళ్లలో ముందే ఉంటాయి, భూకంపం తర్వాతే వాటిని వెతుకుతాం. చూడాల్సినవి వేరు: పిల్లరులోనూ దూలంలోనూ పగులు, గోడ మూల నుంచి మూలకు ఏటవాలుగా పోయిన బీట, తలుపులు అకస్మాత్తుగా పట్టేయడం. ఇవి ఉంటే సివిల్ ఇంజినీరును పిలవండి, మేస్త్రీ మాట చాలదు. అనుమానంగా ఉన్న బీట రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. నెల తర్వాత పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది.

నాకు అనిపించింది ఎవరికైనా చెప్పాలా?

చెప్పండి, అది నిజంగా పనికొస్తుంది. పరికరాలు ఉన్నచోటే కొలుస్తాయి, మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. అమెరికా జియలాజికల్ సర్వే వెబ్‌సైటులో ఏ దేశం నుంచైనా ఈ వివరాలు నింపొచ్చు. మన నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్‌లో ఎక్కడ, ఎంత వచ్చిందో చూసుకోవచ్చు. రాసేటప్పుడు “చాలా భయపడ్డాం” అని రాస్తే వాళ్లు చేయగలిగింది లేదు. మీరు ఏ అంతస్తులో ఉన్నారు, కూర్చున్నారా నడుస్తున్నారా, ఏం ఊగింది, ఏం పడింది, గోడకు ఏమైనా అయిందా, శబ్దం ముందా ఊపు ముందా అన్నవి రాయండి. ఏమీ తెలియకపోతే అదీ రాయొచ్చు. “మా వీధిలో తెలియలేదు” అన్న సమాచారం కూడా ఆ మ్యాపులో ఒక చుక్కే.